దారం చెప్పే మాట

(సంఘం వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మహిళా విభాగం తరఫున నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. విద్యార్థి వేతనాల గురించో, కుట్టు శిక్షణ గురించో చెబుతామని చాలామంది అనుకొని వుంటారు. అల్లిక శిల్పం గురించి మాట్లాడతామనేసరికి ఒకరిద్దరు నవ్వారు. "ఊలుతో స్వెట్టరు అల్లుతారు, నూలుతో టోపీ అల్లుతారు. దారంతో శిల్పమేమిటి ఆపా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పడానికి కొంచెం ఓపిక కావాలి. మీ ఓపిక మీద నమ్మకంతోనే మొదలుపెడుతున్నాము.

ముందుగా పని యేమిటో చూద్దాము. ఊలు అల్లికకు రెండు సూదులు కావాలి. కుట్లన్నీ విప్పుకొని సూది మీద కూర్చుని వుంటాయి. ఒక్కటి జారితే కింది వరుసలన్నీ నిచ్చెన మెట్లలా జారిపోతాయి. మన యిళ్లలో ఎక్కువగా వుండే క్రోషియాకు ఒకటే సూది, చివర కొక్కెం. ఒక కుట్టు ముగించిన తరువాతే రెండో కుట్టు మొదలవుతుంది. అందుకే క్రోషియా పని గట్టిగా నిలబడుతుంది, ఏ వైపుకు కావాలంటే ఆ వైపుకు పెరుగుతుంది. గిన్నెలా చేయవచ్చు, గొట్టంలా చేయవచ్చు, బండరాయిలా గూడా చేయవచ్చు. శిల్పి రాతిని చెక్కి తీసివేస్తూ రూపం తెస్తాడు. అల్లేవారు కుట్టు మీద కుట్టు చేర్చుకుంటూ రూపం తెస్తారు. తేడా అంతే.

నమాజుకు పెట్టుకొనే జాలీ టోపీనే తీసుకోండి. మధ్యలో చిన్న చుట్టు. మొదటి వరుసలో ఆరు కుట్లు, రెండో వరుసలో పన్నెండు, మూడో వరుసలో పద్దెనిమిది. ఇట్లా వరుసకు ఆరేసి పెంచుకుంటూ పోతే అప్పడంలాగా చదునుగా వస్తుంది. తల కొలతకు వచ్చాక పెంచడం ఆపితే అంచు కిందికి దిగి గోడ అవుతుంది; అదే టోపీ. అట్లా కాకుండా ప్రతి వరుసలోనూ కుట్లు రెట్టింపు చేస్తూ పోతే? ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది, తొంభై ఆరు, ఆరో వరుసకు నూట తొంభై రెండు! చదును ముక్కకు ఆరో వరుసలో వుండేవి ముప్పై ఆరే. ఇన్ని కుట్లకు చోటు చాలక అంచు ముడతలు పడి, కుచ్చులు కుచ్చులుగా లేస్తుంది. మన దాదీమాలు యిది చూస్తే "లెక్క తప్పావు బేటీ, విప్పెయ్యి" అనేవారు.

ఆ కుచ్చుల వెనుక పెద్ద గణితం వున్నది. హైపర్బోలిక్ జ్యామితి అని పందొమ్మిదో శతాబ్దంలో గణితజ్ఞులు కనిపెట్టారు. కాగితంతో దాని నమూనాలు చేస్తే చేతిలోనే చిరిగిపోయేవి. లాత్వియా దేశంలో పుట్టి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన డైనా తైమిన్యా అనే గణితజ్ఞురాలు 1997లో క్రోషియా సూది పట్టుకొని, వరుసవరుసకూ కుట్లు పెంచుతూ ఆ నమూనాను అల్లి చూపించింది. విద్యార్థులు చేత్తో పట్టుకొని, మడిచి, లెక్క తెలుసుకోగలిగారు. వంటింటి పక్కన కూర్చుని చేసే పనిలో యింత విద్య దాగి వుందని ఆడపిల్లలకు చెప్పవలసిన అవసరం వున్నది. లెక్కలంటే భయపడే పిల్ల చేతికి సూది యిచ్చి చూడండి.

ఆ కుచ్చుల రూపమే సముద్రంలోని పగడపు దిబ్బలకు గూడా వుంటుంది. ఆస్ట్రేలియాలో పుట్టిన మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే కవల అక్కచెల్లెళ్లు దీనిని గమనించారు. వారి స్వరాష్ట్రమైన క్వీన్స్‌లాండ్ తీరంలోనే గ్రేట్ బారియర్ రీఫ్ వున్నది. సముద్రపు నీరు వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చిపోతున్నాయి. ఈ సంగతి ఉపన్యాసాలలో చెబితే ఎందరు వింటారు? 2005లో వారు క్రోషియాతో పగడపు దిబ్బ అల్లడం మొదలుపెట్టారు. ఊరూరా ఆడవాళ్లు తోడయ్యారు. రంగురంగుల దిబ్బ ఒకటి, చచ్చి తెల్లబడిన దిబ్బ ఒకటి, పారేసిన ప్లాస్టిక్ సంచులను దారాలుగా కత్తిరించి అల్లిన దిబ్బ ఒకటి. 2019లో వెనిస్ నగరంలో జరిగే ప్రపంచ ప్రఖ్యాత కళా ప్రదర్శనలో వాటికి చోటు దొరికింది. ఎక్కడ ప్రదర్శిస్తే అక్కడి ఊరివాళ్లు తమ దిబ్బను తామే అల్లుకుంటారు. చూసేవారు ముందు అందానికి ముచ్చటపడతారు, తరువాత తెల్లదిబ్బ ముందు నిలబడి ఆలోచనలో పడతారు.

మరొక ఉదాహరణ. 2006 ఏప్రిల్‌లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో, రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక యుద్ధ టాంకుకు మరియన్ యోర్గెన్‌సెన్ అనే కళాకారిణి గులాబీ రంగు దుప్పటి తొడిగింది. ఇరాక్ యుద్ధంలో తన దేశం పాలుపంచుకోవడాన్ని నిరసిస్తూ చేసిన పని అది. పదిహేను సెంటీమీటర్ల చదరపు ముక్కలు నాలుగు వేలకు పైగా, పలు దేశాల నుంచి మనుషులు అల్లి పంపించారు. ఫిరంగి గొట్టానికి గూడా గులాబీ తొడుగు వేశారు. ఆ టాంకు ముందు నిలబడి యెవరైనా భయపడగలరా? భయం పోయిన తరువాత మిగిలేది ప్రశ్న: అసలు దీనితో మనకేమి పని?

ఇంగ్లండులో 2014 ఆగస్టు 9న, అంటే నాగసాకి మీద అణుబాంబు పడిన తేదీనాడు, ఆల్డర్‌మాస్టన్, బర్గ్‌ఫీల్డ్ అనే రెండు అణ్వాయుధ కేంద్రాల మధ్య ఏడు మైళ్ల పొడవున అల్లిన గులాబీ పట్టీని జనం చేతులతో పట్టుకొని నిలబడ్డారు. తరువాత దానిని ముక్కలు చేసి దుప్పట్లుగా కుట్టి అవసరమున్నవారికి పంచారు. ఈ రెండో సగం మాకు మరీ నచ్చింది. నిరసన ముగిసిన తరువాత గూడా ఆ దారం ఎవరికో చలి కాచింది.

ఫ్రెడీ రాబిన్స్ అనే బ్రిటిష్ కళాకారిణి 2002లో టీ కెటిల్ చల్లారకుండా కప్పే టోపీల రూపంలో చిన్న చిన్న యిళ్లు అల్లింది. చూడటానికి ముద్దుగా వుంటాయి. అవి హంతకురాళ్లు నివసించిన యిళ్లు, లేదా ఆ ఘోరాలు జరిగిన యిళ్లు. ఇల్లంటే వెచ్చదనమే అనుకుంటాము గదా. నాలుగు గోడల మధ్య యేమి జరుగుతున్నదో బయటివారికి తెలియదని మెత్తని ఊలుతో చెప్పింది.

ఇవన్నీ దూరదేశాల ముచ్చట్లు అనవచ్చు. పొరుగున చెన్నైలో 2016 జనవరిలో 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' అనే బృందం వారు, వేర్వేరు ఊళ్లలోని ఆడవాళ్లు అల్లి పంపిన ముక్కలు కలిపి పదకొండు వేల చదరపు మీటర్లకు మించిన దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. గృహిణులు, విద్యార్థినులు, పెద్ద వయసువారు యెవరింట్లో వారు కూర్చుని అల్లిన ముక్కలు అవి. విడివిడిగా చూస్తే అవి సోఫా మీద పరిచే గుడ్డలు. కలిపితే లోకం తిరిగి చూసింది.

ఇక మన తెలుగునాటికి వద్దాము. అసలు సంగతి యిక్కడే వున్నది.

పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం లేసు పేరు మీరు వినే వుంటారు. పందొమ్మిదో శతాబ్దంలో విదేశీ మిషనరీలు అక్కడి పేద స్త్రీలకు క్రోషియా లేసు నేర్పారు. క్రమంగా అది డెల్టా పల్లెలన్నిటికీ పాకింది. టేబుల్ క్లాతులు, దిండు గలీబులు, డాయిలీలు యూరపు, అమెరికా, ఆస్ట్రేలియాలకు వెళ్లాయి. 1978-79 కాలంలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ పల్లెలకు వెళ్లి, మన హైదరాబాదుకు చెందిన కె. లలిత వంటివారి తోడుతో, ఆ స్త్రీల బ్రతుకును దగ్గరగా చూసింది. 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' అనే పుస్తకం వెలువరించింది. ఆమె 2023లో కన్నుమూసింది గాని ఆ పుస్తకం ఈనాటికీ దేశదేశాల్లో చదువుతున్నారు.

ఆ పుస్తకంలో ఆమె చూపించినదేమిటి? వ్యాపారి ఏజెంటుకు దారం యిస్తాడు. ఏజెంటు ఇల్లిల్లూ తిరిగి దారం పంచుతాడు. పని మూడు భాగాలు. చేతిపని అంటే పువ్వులు, ముక్కలు అల్లడం. అతుకుపని అంటే వాటిని కలపడం. కాజాకట్టు అంటే చివర సరిచేయడం. ఒకామె పువ్వు అల్లుతుంది, మరొకామె అతుకుతుంది. పువ్వు అల్లిన ఆమె పూర్తయిన బట్టను చూడనే చూడదు. అది ఏ దేశం వెళ్లింది, అక్కడ యెంతకు అమ్ముడుపోయింది, ఆమెకు తెలియదు. ఇంటిపని అంతా చేసుకొని, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లినా ఆ రోజుల్లో చేతికి రూపాయి గూడా వచ్చేది కాదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. ఆ స్త్రీలలో చాలామంది కాపు కుటుంబాలవారు. "మేము గోషా స్త్రీలము, పొలానికి వెళ్లము" అని గౌరవంగా చెప్పుకునేవారు. ఆ గోషా మాట మనకు కొత్త కాదు. బయటికి వెళ్లడం లేదు కాబట్టి వారిని యెవరూ కార్మికులు అనలేదు. "ఊరికే కూర్చునే బదులు కాలక్షేపానికి అల్లుకుంటున్నారు" అన్నారు. లక్షకు పైగా స్త్రీలు విదేశీ మారకద్రవ్యం సంపాదించి పెడుతూ వుంటే, లెక్కల పుస్తకంలో వారు గృహిణులు! వారి భర్తలు గూడా అట్లాగే అనుకున్నారు. విచారించవలసిన విషయం యేమంటే వారు గూడా అట్లాగే అనుకున్నారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. వస్తువుకు గుర్తింపు వచ్చింది. అల్లిన చేతికి గుర్తింపు రావడం మరొక పని.

మన బస్తీలవైపు ఒకసారి చూడండి. బంజారా హిల్స్ అనగానే బయటివారికి బంగళాలు, పెద్ద దుకాణాలు గుర్తుకొస్తాయి. ఆ కొండల మడతల్లో, పంజగుట్ట, అమీర్‌పేట వెనుక సందుల్లో, ఒకటి రెండు గదుల యిళ్లలో మన ఆపాలు, ఫుఫ్ఫూలు యేమి చేస్తున్నారు? జర్దోజీ చట్రం ముందు కూర్చుంటున్నారు. దుపట్టాకు అంచు అల్లుతున్నారు. చీరకు ఫాల్ కుడుతున్నారు. రంజాను ముందు టోపీలు అల్లుతున్నారు. సన్న నూలుతో అల్లిన టోపీ ఒక పూటలో పూర్తికాదు. అయినా "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే, "ఏం లేదు, ఇంట్లోనే వుంటాను" అంటారు. నరసాపురానికీ మన బస్తీకీ మధ్య యెంత దూరమో మీరే చెప్పండి.

మా మహిళా విభాగంలో జరిగిన ఒక విషయం మనవి చేస్తాము. దుపట్టా అంచు పని యిచ్చే ఒక వ్యాపారి మన సభ్యురాళ్లలో కొందరికి చాలాకాలంగా పని యిస్తున్నాడు. ఒక రోజు అందరూ ఒక చోట కూర్చుని అల్లుతూ వుండగా మాటల్లో తేలింది: పక్కపక్క యిళ్లలో వుండే యిద్దరికి ఒకే పనికి రెండు ధరలు! ఒకామె గట్టిగా అడిగింది కాబట్టి ఎక్కువ, రెండో ఆమె అడగలేదు కాబట్టి తక్కువ. యేళ్ల తరబడి యెవరికీ తెలియలేదు. గోడ ఒకటే అడ్డం. ఆ రోజు తరువాత అందరూ కలిసి ఒకే ధర చెప్పారు. వ్యాపారి కాస్త గొణిగాడు, వారం రోజులు పని పంపలేదు, తరువాత ఒప్పుకున్నాడు. ఆ వారం రోజులు మా వాళ్లు ఎట్లా గడిపారో మాకు తెలుసు. అయినా ఒక్కరూ విడిగా వెళ్లి పని అడగలేదు. కలిసి కూర్చుని అల్లడంలో వున్న బలం యిది.

అల్లిక శిల్పం గురించి మేము యింతగా చెప్పడం అందుకే. లేసు వ్యాపారం ముక్కలు అల్లించుకొని పూర్తి వస్తువును ఆమెకు చూపించకుండా దాచింది. శిల్పంలో ముక్కలు అల్లినవారే వచ్చి కలుపుతారు, కలిపినది చూస్తారు, తలో చేయి వేసి నిలబెడతారు. పూర్తి రూపం చూసిన మనిషి తరువాత ధర గూడా అడుగుతుంది, లెక్క గూడా అడుగుతుంది.

కొందరు పెద్దలకు సందేహాలు వున్నాయి. వాటికి జవాబు చెప్పకుండా ముందుకు వెళ్లడం మర్యాద కాదు.

శిల్పం అంటే బొమ్మలు గదా, మన యిళ్లలో ప్రాణుల బొమ్మలు చేయడానికి చాలామంది ఒప్పుకోరు గదా అన్నారొకరు. మేము ఆ నియమాన్ని గౌరవిస్తాము. మనిషి రూపం, జంతువు రూపం అవసరమే లేదు. నీరు వుంది, రాయి వుంది, ఇల్లు వుంది, మెట్లు వున్నాయి. జాలీలు, తీగలు, రేఖలతో మన పెద్దలు కట్టిన కట్టడాలకు అందం యేమి తక్కువైంది?

పేదవారికి కావలసింది కూలి, శిల్పం కాదు అన్నారు మరొకరు. నిజమే. కూలికి బదులు శిల్పం అని మేము అనడం లేదు. వారానికి ఒక్క పూట మాత్రమే అడుగుతున్నాము. కూలి ఎందుకు తక్కువగా వున్నదో నలుగురూ కూర్చుని మాట్లాడుకొనే పూట అది.

దీనివల్ల పనులు జరుగుతాయా అని మూడో ప్రశ్న. అర్జీలు మనం చాలా యిచ్చాము. అర్జీ ఫైలులో పడుకుంటుంది. ఇరవై అడుగుల చెరువు అల్లి హాలు మధ్యలో పరిస్తే అధికారి దాని చుట్టూ తిరిగి వెళ్లవలసిందే. పని జరుగుతుందని మేము హామీ యివ్వలేము గాని చూడలేదని మాత్రం యెవరూ అనలేరు.

ఇక మా ప్రతిపాదనలు. మొదటిది, వచ్చే సంవత్సరం పొడుగునా మన మహిళా విభాగం ఒక చెరువును అల్లుతుంది. రోడ్ నంబరు 1 పక్కన వున్న బంజారా చెరువు మీకందరికీ తెలుసు. పాతవారు హమీద్ ఖాన్ కుంట అంటారు. చుట్టూ కట్టడాలు పెరిగి అది కుంచించుకుపోయింది, మురుగు చేరింది. వాన గట్టిగా కురిస్తే పల్లపు బస్తీలలో నీళ్లు యిళ్లలోకి వస్తాయి. మంచాలెక్కి కూర్చునేది మనమే. 1908లో మూసీ వరద యీ నగరాన్ని ముంచింది. తరువాతి తరం వారు రెండు పెద్ద జలాశయాలు కట్టి నగరానికి రక్షణ యిచ్చారు. ఈ తరం ఉన్న చెరువులనైనా నిలుపుకోవాలి గదా. నీలం నూలుతో నీరు, పారేసిన పాల ప్యాకెట్లు, క్యారీ సంచులు కత్తిరించిన పట్టీలతో మురుగు, బూడిద రంగు ఊలుతో గట్టున బండరాళ్లు. ఈ కొండల బండలు గూడా మన కళ్లముందే పగిలిపోతున్నాయి. వాటిని కాపాడటానికి 1996 నుంచి 'సొసైటీ టు సేవ్ రాక్స్' వారు పాటుపడుతున్నారు. పాత నూలు, పాత స్వెట్టర్లు యింటింటా వుంటాయి, కొనవలసింది కొద్దే.

రెండవది, ప్రతి ముక్కకు ఒక చీటీ కుడదాము. పేరు రాయడం యిష్టం లేనివారు రాయనక్కరలేదు. ఈ ముక్కకు యెన్ని గంటలు పట్టింది, బయట యిదే పనికి గంటకు యెంత గిట్టుతుంది, ఈ రెండే రాద్దాము. చదువురాని దాదీమాలకు మన కాలేజీ పిల్లలు రాసిపెడతారు. చూడటానికి వచ్చినవారు చెరువునూ చూస్తారు, చీటీలనూ చదువుతారు. ఆ లెక్కలన్నీ కూడితే వచ్చే మొత్తం మన సంఘం యింతవరకు యెన్నడూ వేయని లెక్క.

మూడవది, ఇంట్లో కూర్చుని పనిచేసే మన సభ్యురాళ్లందరి పేర్లు నమోదు చేయిద్దాము. అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ఇ-శ్రమ్ పోర్టల్ తెరిచింది. ఆధార్ సంఖ్యతో అందులో చేరవచ్చు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో ఇంటి వద్ద పనిచేసే కార్మికులకు ప్రత్యేకంగా నిర్వచనం వున్నది. ఇంటి పనివారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒప్పందం గూడా చేసింది. మన దేశం దాని మీద యింకా ఆమోదముద్ర వేయలేదు. చట్టంలో మాట వున్నంత మాత్రాన కడుపు నిండదు. కాని "ఏం లేదు, ఇంట్లోనే వుంటాను" అనే ఆపా, ఒక ఫారంలో వృత్తి అనే గడిలో తన పని పేరు రాయించుకోవడం చిన్న విషయమేమీ కాదు.

చెరువును ఎక్కడ ప్రదర్శించాలి అన్నది కార్యవర్గం నిర్ణయించాలి. మన హాలు వుండనే వున్నది. ఛాయాగ్రాహకులు మొయిద్ హసన్ గారి ఇంటిలో 2010లో మొదలైన లామకాన్ పుట్టింది మన బంజారా హిల్స్‌లోనే. అక్కడ అన్ని రకాలవారూ వచ్చి కూర్చుని, చాయ్ తాగి, మాట్లాడుకుంటారు. అడిగి చూడవచ్చు. ప్రదర్శనకు నగరపాలక అధికారులను, నీటి సరఫరా, మురుగునీటి శాఖ వారిని తప్పక పిలవాలి. మన మగవారు గూడా రావాలి. ఊరికే చూడటానికి కాదు, ఆ రోజు పిల్లలను చూసుకోవడానికి, కుర్చీలు వేయడానికి.

ప్రదర్శన ముగిసిన తరువాత యేం చేయాలన్నది గూడా ఆలోచించాము. క్రోషియా పనికి ఒక సుగుణం వున్నది. చివరి ముడి విప్పి దారం లాగితే పనంతా మళ్లీ ఉండ అయిపోతుంది. నూలు, ఊలు భాగాలను విప్పి చలికాలానికి పిల్లల టోపీలు, వృద్ధులకు శాలువాలు అల్లుదాము. చీటీలను మాత్రం విప్పకుండా, పారేయకుండా ఒక పుస్తకంగా కుట్టి సంఘం కార్యాలయంలో వుంచుదాము. రేపు ఏ వ్యాపారి వచ్చినా, ఏ అధికారి వచ్చినా ఆ పుస్తకం ముందు పెట్టి మాట్లాడవచ్చు.

ఇప్పుడు కావలసింది మీ అనుమతి, యింట్లో మిగిలిన ఊలు, వారానికి ఒక పూట. ఊలు తెచ్చేవారు వచ్చే ఆదివారం అసర్ తరువాత మహిళా విభాగం గదిలో యివ్వవచ్చు. సూది పట్టడం రానివారు గూడా రండి, నేర్పుతాము.